పోచయ్య పెట్టిన కప్ప

స్క్రూ కనిపిస్తే విప్పకుండా ఉండలేకపోవడం: మా పోచయ్యకున్న జబ్బు ఇదొక్కటే. విప్పినది మళ్లీ బిగిస్తాడు. కాని బిగించాక ఆ వస్తువుకు పాత బుద్ధి ఉండదు.

ఫిల్మ్‌నగర్‌లో మేం గొంతులిచ్చే డబ్బింగ్ థియేటర్‌కు అతను ఎలక్ట్రీషియన్. యాభై మూడేళ్ల వాడు, ఫోన్లో వీడియోలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. లిఫ్టులో ఇంగ్లీషు మాట్లాడే అమ్మాయిని పీకేసి తన గొంతు పెట్టాడు: "మూడో అంతస్తు. దిగుండ్రి. కండ్లద్దాలు మర్చిపోకుండ్రి." వేలిముద్రల హాజరీ యంత్రం ఆలస్యంగా వచ్చినవాళ్లను "ఇప్పుడా వచ్చేది?" అని అడిగేది. మేనేజర్ క్రాంతికుమార్ వేలు పెట్టినా అదే మాట.

"పోచయ్యా, ముందు దాని నోరు మూయించు!"

"అబద్ధమైతే ఆడుతలేదు గద సార్."

ఇక నా సంగతి. పాలకొల్లు దగ్గర పల్లెటూరి బడిలో చదివి, నలభై ఒక్క ఏళ్లలో ఆరువందల పన్నెండు సినిమాలకు గొంతిచ్చినవాణ్ని. నాటక పరిషత్తుల్లో పదకొండు షీల్డులు. ముప్ఫై నలుగురు జడ్జీలు నా గొంతుతోనే ఉరిశిక్షలు వేశారు. సూర్యప్రకాశరావుగారంటే ఒక్క టేకు మనిషని పేరు. ఇంత చరిత్ర ఉన్నవాణ్ని పోచయ్యకు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తుకోలేను.

ఆ మధ్య నాకు టేకులు పెరిగాయి. తప్పు యంత్రాలదని తేల్చేశాను. ఆ రోజుల్లోనే పోచయ్య టీ వేళకు ఓ చిన్న డబ్బా పట్టుకొచ్చి నా చెవి దగ్గర మోగించడం మొదలుపెట్టాడు.

"గిదేంది సార్?"

"పాత స్కూటర్ హారను."

"గిది?"

"గేదె మెడలో గంట. మా ఊళ్లో..."

"మరి గిది?"

"ఏదీ? ఏమీ మోగలేదే. నీ డబ్బా పాడైందయ్యా."

"అవ్ సార్, పాడైంది" అని అక్కడే స్క్రూలు విప్పేవాడు. మర్నాడు మళ్లీ పరీక్ష. నేను మళ్లీ నెగ్గేవాణ్ని. బోదురుకప్పను పోల్చుకున్న రోజైతే మా ఊరి వానాకాలం గురించి గంటసేపు చెప్పాను. అతని టీ చల్లారిపోయినా వదల్లేదు.

డబ్బింగులో మన డైలాగుకు ముందు హెడ్‌ఫోన్లో మూడుసార్లు సన్నటి కూత వస్తుంది. మూడోది ఆగగానే నోరు తెరవాలి. ఒకరోజు జడ్జి పాత్రకని మైకు ముందు నిలబడితే, కూత బదులు కప్ప అరిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు. తీర్పు ఒక్క టేకులో చెప్పేశాను. అది నా ప్రతిభ అనుకున్నాను. బయటికొచ్చి మాత్రం మండిపడ్డాను.

"ఆరువందల సినిమాల మనిషితో పరాచికాలా? ఉరిశిక్షకు ముందు కప్పలేంటయ్యా?"

పోచయ్య నేల చూపులు చూశాడు. "తప్పైంది సార్."

"అతనైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అన్నాను క్రాంతికుమార్‌తో. మర్నాటి నుంచి పోచయ్య రాలేదు.

ఆ మర్నాడే ఆ జడ్జికి క్లైమాక్సు సీను. హెడ్‌ఫోన్లో నిశ్శబ్దం.

"సార్, మొదలుపెట్టలేదేంటి?" అద్దం అవతలి నుంచి సౌండ్ ఇంజనీరు వందన.

"కూత రానిదే ఎలాగమ్మా? పోచయ్య అన్నీ పాడుచేసి పోయాడు."

పంతొమ్మిది టేకులయ్యాయి. అద్దం వెనక క్రాంతికుమార్ ఆమెతో ఏదో అన్నాడు. నాకు వినపడదనే అనుకుని ఉంటాడు. నలభై ఒక్క ఏళ్లు నటుల పెదవులు చూసి బతికినవాణ్ని, తెలిసిపోయింది. "వేరే గొంతు చూద్దాం."

వందన నన్ను లోపలికి పిలిచింది. "మీరు వద్దన్నారని పోచయ్య ప్రోగ్రాము తీసేసి పాత కూతే పెట్టాను సార్. తప్పెక్కడుందా అని ఇప్పుడు తెరిచి చూస్తే ఇది కనిపించింది."

ప్రోగ్రాము పేరు 'పెద్దసారు చెవి'. పైన పోచయ్య రాసుకున్న మాటలు:

"సన్న కూత: మూడు దినాలు చూసిన, వినలే. హారన్: విన్నడు. గేదె గంట: విన్నడు. బోదురుకప్ప: మస్తు విన్నడు, గంట ముచ్చట చెప్పిండు. గిదే పెట్టాలె. ఎవ్వరికి చెప్పొద్దు. సారుకు గూడ."

ముప్ఫై నలుగురు జడ్జీలకిచ్చిన గొంతుతోనే అందరి ముందూ చెప్పాను: "నాకు చెవులు సరిగా వినపడవు. పోచయ్య తప్పేం లేదు. అతన్ని తీసుకొస్తాను, అప్పటిదాకా ఈ సీను ఆపండి."

సాయంత్రం రహమత్ నగర్‌లో వాళ్లింటి కాలింగ్ బెల్ నొక్కితే, "చెప్పులు గాడ ఇడువుండ్రి" అంది బెల్లు. పోచయ్య తలుపు తీశాడు.

"తప్పు నాది పోచయ్యా. రేపు నువ్వు రావాలి."

"గంత మాటెందుకు సార్. కూసోండ్రి."

కూర్చుని జేబులోంచి చెవి మిషన్ తీశాను. నిరుడు మా అమ్మాయి పూజిత కొనిచ్చింది. నాలాంటివాడికి ఇదెందుకని ఇన్నాళ్లూ పెట్టె కూడా తెరవలేదు. పోచయ్య చెయ్యి అప్పుడే స్క్రూడ్రైవర్ కోసం తడుముతోంది.

"కొత్తది గద సార్. ఇప్పితే గ్యారంటీ పోతది."

"పోనీవయ్యా. విప్పు!"

వారం తిరక్కుండా క్లైమాక్సు ఒక్క టేకులో అయింది. ఇప్పుడు సన్న కూత కూడా వినపడుతోంది. అయినా కప్పనే ఉంచమన్నాను.

ఒక్కటే ఇబ్బంది. మొన్న వందనకు నా పదకొండు షీల్డుల గురించి చెబుతూ ఏడో షీల్డు దాకా వచ్చానో లేదో, చెవిలో పోచయ్య గొంతు పలికింది: "సార్, బ్యాటరీ అయిపోతుంది. ముచ్చట జర ఆపుండ్రి."