హోమర్ మందు పంపకాలు

ఓర్ఫా కిస్ట్లర్ షెడ్డులోకి వెళ్ళి "ఏ మందు మంచిది?" అని అడిగినవాడు తిట్లు తినకుండా బయటికి రావడం నేను చూడలేదు.

"ముందు తుపాకి చూపించు. కాళ్ళు ఇంట్లో వదిలేసి చెప్పులు కొనడానికి వెళ్తావా?" అంటుంది. తుపాకి తెచ్చాక కూడా తిట్టు తప్పదు, కాకపోతే కారణం మారుతుంది. గొట్టం లోపల తుప్పుందనో, చెకుముకి రాయి మొద్దుబారిందనో, ఎవరో ముప్పై ఏళ్ళ కిందట దాని కర్రకి రంగేశారనో. తిడుతూనే గొట్టంలో కడ్డీ దింపి చూస్తుంది. లావు గొట్టానికి ముతక గింజ మందు, ఉడతల్ని కొట్టే సన్న గొట్టానికి కాస్త మెత్తటిది, రాయి రవ్వ పడే గిన్నెలో పోసే రంజకానికి పిండిలాంటిది. చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, కుడిచెవి దగ్గర పెట్టుకుని వింటుంది. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. గింజలు సరిగ్గా ఎండితే ఒక రకంగా, చెమ్మ పడితే ఇంకో రకంగా రాసుకుంటాయట. నేనూ చాలాసార్లు విన్నాను. నాకేమీ వినపడలేదు.

పందొమ్మిదేళ్ళుగా నేను ఆమె పక్కింట్లో ఉంటున్నాను. ఆమెకిప్పుడు అరవై ఏడు. చొక్కాల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏడాది గుండీ కాజాలు కుట్టింది. సాయంత్రాలు తండ్రి షెడ్డులో కూర్చుని తుపాకులు బాగుచెయ్యడం నేర్చుకుంది. ఫ్యాక్టరీ మూతపడింది, తండ్రి పోయాడు, షెడ్డు మిగిలింది. క్రిస్మస్ మర్నాడు మా పెన్సిల్వేనియా కొండల్లో చెకుముకి తుపాకుల వేట మొదలవుతుంది. మూతిలోంచి మందు పోసి, గుండు దట్టించి, రాయి రవ్వతో పేల్చే పాత తుపాకి తప్ప ఇంకేదీ భుజాన వేసుకోకూడదు. అందుకని డిసెంబరు నెలంతా ఆమె షెడ్డు ముందు బండ్లు ఆగి ఉంటాయి, లోపల అరుపులు వినబడుతూ ఉంటాయి.

ఆమె కోపానికి ఒక లెక్క ఉంది. అంగడివాళ్ళు శుభ్రంగా కాలుతుందని చెప్పి అంటగట్టే కొత్తరకం మందు ఈ తుపాకిలో రవ్వకి అంటుకోదు. అది కొనుక్కుని, పొద్దుట్నించీ మంచులో కూర్చుని, జింక ఎదురుగా నిలబడితే టిక్కు టిక్కుమనిపించి వచ్చినవాడిని ఆమె గట్టిగా తిడుతుంది, కానీ తిడుతూ కాఫీ కూడా ఇస్తుంది. ఇక ఇత్తడి తూటాల్లో నింపే పొగలేని మందు సంగతి వేరు. దాని బలానికి ఈ పాత గొట్టాలు తట్టుకోవు, చీలిపోతాయి. దాని ఊసెత్తితే ఆమె అరవదు. గొంతు తగ్గిపోతుంది. అప్పుడు మాత్రం నేను లేచి గుమ్మం దగ్గర నిలబడతాను.

ఆ డిసెంబరు ఇరవై మూడున గొంతు తగ్గింది.

క్లెయిర్ స్వైగర్ట్ కొత్త రాయి కోసం వచ్చాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, కొండమీది వేట గుడిసెకి పెద్ద. రాయి తీసుకున్నాక జేబులోంచి తుపాకి మందు నింపిన పాత మాత్రల సీసా తీసి బల్లమీద పెట్టాడు.

"చూడవే పిల్లా. హోమర్‌ది. నా వంతు."

హోమర్ రేబర్ నవంబరులో పోయాడు. గుండె ఆగి, తన వంటింట్లోనే. పాల ట్యాంకరు నడిపేవాడు. ఆ గుడిసెలో ఒక ఆచారం ఉంది. సభ్యుడు పోతే అతని మందు అమ్మరు, పారెయ్యరు. పెద్ద దాన్ని అందరికీ సమానంగా పంచుతాడు. వేట మొదటి రోజు పొద్దున్నే అందరూ ఆ మందే దట్టించి, కొండ మీద నిలబడి, అతని పేరు చెప్పి ఒక్కసారి ఆకాశంలోకి పేలుస్తారు. ఆ తర్వాతే వేట.

ఓర్ఫా సీసా మూత తీసి కొంచెం అరచేతిలో వంపుకుంది. చెవి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆగింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, మెడలో వేలాడే భూతద్దంతో చూసింది.

"ఇది ఏ సీసాలోది?" నెమ్మదిగా అడిగింది.

"అన్ని సీసాల్లోదీ," అన్నాడు క్లెయిర్. "మూడున్నాయి వాడి అలమరలో. ఒకటి నిండుగా, ఒకటి సగం, ఒకదాంట్లో అడుగున కాస్త. ఒకడికి మంచిది పోయి ఇంకొకడికి మడ్డి వస్తే రేపు మాట పడేది నేను. అందుకని మా ఆవిడ టర్కీ కోడి కాల్చే పళ్ళెంలో మూడూ పోసి, చెక్క గరిటెతో బాగా కలిపి, నాలుగు వాటాలు చేశా. తూచి మరీ. ఒక్క గింజ తేడా లేదు."

"కలిపావు."

"కలిపా. న్యాయంగా."

"ఇటు రా. చూడు." అతని మెడ పట్టుకుని భూతద్దం మీదికి వంచింది. బొగ్గు చితక్కొట్టినట్టు వంకరటింకర గింజల మధ్య, కత్తితో కోసినట్టు ఒకే కొలతలో సన్నటి పుల్లముక్కలు. "ఈ పుల్లలు వాడు జింక రైఫిల్ తూటాల్లో నింపుకునే పొగలేని మందు. విడిగా ఉంటే రవ్వకి అంటుకోక నీ ప్రాణం దక్కేదేమో. నువ్వు దాన్ని అంటించడానికి పక్కన రవ్వకి భగ్గుమనే పొగమందు పోశావు. న్యాయంగా!"

"గింజ గింజకీ పోలికలు వెతుకుతావేంటి? పొడుగువి ఉంటాయి, పొట్టివి ఉంటాయి. యాభై రెండేళ్ళుగా దట్టిస్తున్నా."

ఓర్ఫా సీసా ఎత్తి, ఉన్నదంతా నీళ్ళ బకెట్లో గుమ్మరించింది.

"ఓసి దెయ్యం! వాడి ఆఖరి మందే అది!"

"బకెట్లో పడింది మందే, తెగిన నీ చెయ్యి కాదు. సంతోషించు. ఫోన్ తియ్యి. మిగతా ముగ్గురికీ చెప్పు."

క్లెయిర్ టోపీ పెట్టుకున్నాడు. చచ్చినవాడి మందు పంచినవాడే తిరిగి అడగడం ఆ గుడిసెలో ఎన్నడూ లేదనీ, ఆ మొదటివాడు తను కాబోననీ చెప్పాడు. "అయినా హోమర్ మీద నీ కక్ష ఊరందరికీ తెలుసు," అనేసి వెళ్ళిపోయాడు.

కక్ష ఉన్నమాట నిజమే. మూడేళ్ళ కిందట హోమర్ ఇంట్లో ఆ అలమర చూసి ఆమె గొడవ పెట్టుకుంది. మందులన్నీ వేరుశనగ వెన్న సీసాల్లో, చీటీ లేకుండా. మూతకి వేసిన రంగు చూస్తే తనకి తెలుస్తుందన్నాడు హోమర్. "నీకు తెలుస్తుంది. నువ్వు చచ్చాక?" అంది ఆమె, గుడిసెవాళ్ళందరి ముందూ. అతను లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ మాట్లాడుకోలేదు. అంత్యక్రియలకి వెళ్ళింది గానీ తర్వాత భోజనాలకి ఆగలేదు. అది ఎవరికీ నచ్చలేదు.

చివరికి ఓర్ఫాయే ఫోన్ చేసింది. గుడిసెలో సభ్యులైన ఫోగెల్మన్ అన్నదమ్ములిద్దరూ అరగంట సణిగి, మర్నాడు పొద్దున తమ రెండు వాటాలూ తెచ్చి గుమ్మంలో పెట్టి, లోపలికి రాకుండా వెళ్ళిపోయారు. మిగిలింది హోమర్ తమ్ముడు లమార్. ఆమె చెప్పిందంతా విని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

"బండి తియ్యి," అంది నాతో. "లమార్ ప్రతి ఏడూ క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం గొట్టం వేడెక్కించడానికి కంచె గుంజ మీద ఒక గుండు పేలుస్తాడు. వెధవకి ఆ అలవాటు మా నాన్నే నేర్పాడు."

దారి పొడుగునా తిట్టింది. హోమర్‌ని, వాడి రంగు మూతల్ని, క్లెయిర్ న్యాయాన్ని, నా బండి వేగాన్ని. మంచు గడ్డకట్టి ఉందని నేనంటే, "గడ్డకట్టనీ, తొక్కు," అంది.

లమార్ పెరట్లోనే ఉన్నాడు. తుపాకి ఎత్తి పట్టుకుని, రంజకం దాచుకునే చిన్న కొమ్ము మూత పళ్ళతో లాగుతున్నాడు. బండి ఆగకముందే ఓర్ఫా దిగింది. కాలు జారి మోకాలి మీద పడింది, లేచింది. లమార్ గిన్నెలో రంజకం పోసి, దాని మీద మూత వాల్చాడు.

"దూరం జరుగు ఓర్ఫా. పేలుస్తున్నా."

ఆమె గుప్పెడు మంచు తీసుకుని నేరుగా అతని మీదికి నడిచింది. తుపాకి పక్కనుంచి చెయ్యి పెట్టి, మూత లేపి, రంజకపు గిన్నెలో మంచు కుక్కింది.

"నీకేమైనా పిచ్చా?" లమార్ మొహం ఎర్రగా అయిపోయింది. "మా అన్న మందు అది! బతికుండగా వాడితో మాట మానేశావు. పోయాక వాడి అన్నం ముట్టలేదు. ఇప్పుడు వాడి పేరున ఒక్క గుండు కూడా పేలనివ్వవు. ఏం చేశాడే వాడు నీకు?"

"నాకేం చెయ్యలేదు. నీకు చెయ్యబోయాడు. ఇటివ్వు తుపాకి."

"ఇవ్వను."

"సరే, నువ్వే పట్టుకో. పట్టుకుని వంటింట్లోకి నడువు. నే చెప్పింది అబద్ధమైతే నీ ఎదుటే నిలబడతా, నన్ను నోటికొచ్చినట్టు తిట్టుకో. కదల్ను."

ఆ మాటకి కాబోలు, నడిచాడు.

వంటింట్లో చిక్కటి కోడి పులుసు పొయ్యి మీద కుతకుతమంటోంది. ఓర్ఫా పొయ్యి ఆర్పించింది. రంజకపు కన్నంలోంచి చెంచాతో నీళ్ళు పోసింది. ఆగి, మళ్ళీ పోసింది. గొట్టంలో మందు తడిసేదాకా ముగ్గురం కూర్చున్నాం. తర్వాత కడ్డీ చివర మర బిగించి, గొట్టంలోకి దింపి, సీసపు గుండులోకి తిప్పి, కాళ్ళు బల్లకి తన్నిపెట్టి లాగింది. లమార్ తుపాకి మడమ వదల్లేదు. నాలుగోసారికి గుండు వచ్చింది. వెనకే నల్లటి బురద.

ఆ బురదని గాజు గ్లాసులో నీళ్ళు పోసి కలిపింది. నీళ్ళు సిరాలా అయ్యాయి. "మంచి మందంతా ఇలా నీళ్ళల్లో కరిగిపోతుంది," అంది. కిటికీ తెర పక్కన ఆరేసిన పల్చటి గుడ్డ లాక్కుని, గ్లాసు మీద బిగించి, సింకులోకి వంపింది. గుడ్డమీద ఇంకా నీళ్ళు పోసి కడిగింది. నలుపంతా పోయింది. గుడ్డని బల్లమీద పరిచింది.

సన్నటి పుల్లముక్కలు. అన్నీ ఒకే కొలత. ఒక్కటీ కరగలేదు, మెత్తబడలేదు.

లమార్ వేలితో ఒకదాన్ని దొర్లించాడు. ఇంకొకదాన్ని. తర్వాత వాటి మీదనుంచి చూపు తిప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"నీలం మూత," అన్నాడు. "వాడి రైఫిల్ మందు నీలం మూత సీసాలో ఉండేది. నాకు తెలుసు. క్లెయిర్ నా ఎదురుగానే విప్పాడు. అప్పుడు... నేను ఏడుస్తున్నాను. చూడలేదు."

ఓర్ఫా గుడ్డ అంచులు ఆ పుల్లల మీదికి మడిచింది.

అతను ఒక్కసారిగా లేచాడు. పెద్ద కొమ్ములో మిగిలిన అన్న మందంతా సింకులో ఉన్న గిన్నెలో పోసి, కుళాయి పూర్తిగా తిప్పాడు. "చీటీ రాయడానికి ఏం పోయేదిరా!" అని అరిచాడు, నీళ్ళని చూస్తూ. "ఒక పెన్సిలు! ఒక కాగితం ముక్క! అన్నీ నాకు తెలుసు, అన్నీ నాకు తెలుసు అంటావు. నీకు తెలిసి ఏం లాభంరా, నువ్వు లేవుగా!" గిన్నెని సింకులో కొట్టాడు. సొట్ట పడింది. మళ్ళీ కొట్టాడు.

ఓర్ఫా ఆపలేదు. నన్నూ ఆపనివ్వలేదు.

అతను అలిసిపోయాక ఆమె గొట్టాన్ని వేడినీళ్ళతో కడిగింది, తుడిచింది, నూనె పట్టించింది. లమార్ వెనకనుంచి చూస్తూ నిలబడ్డాడు.

"క్లెయిర్‌కి నేను చెప్తా," అన్నాడు. "నువ్వు చెప్పకు. నువ్వు చెప్తే కక్ష అంటాడు."

"అన్నాడు కూడా."

"ఎల్లుండి పొద్దున కొండ మీద ఏం పేల్చాలి మేము? వాడి మందు లేదు. ఊరికే నిలబడాలా?"

ఆమె కోటు జేబులోంచి తన తగరపు డబ్బా తీసింది. ముతక పొగమందు. కొలత గొట్టంతో ఒక్కటి కొలిచి, కాగితంలో పొట్లం కట్టి, పొట్లం మీద పెన్సిలుతో మందు పేరు, గింజ సైజు, తేదీ రాసి బల్లమీద పెట్టింది.

"ఒక్కటేనా?" అన్నాడు లమార్. "వాడికొకటి, జింకకొకటి. కనీసం రెండివ్వు."

"వాడికి నా మందు ఇవ్వను." డబ్బా మూత బిగించింది. "కొండ మీద నిలబడి ఇందాక అరిచిందంతా మళ్ళీ అరిచెయ్యి. వాడికి అది చాలు. ఇది జింకకి. ఒక్కటే ఉంది కాబట్టి గురి చూసి కాల్చు. మీ వంశంలో ఎవరికీ రాలేదు ఆ పని, నువ్వైనా నేర్చుకో."

లమార్ పొట్లం అందుకున్నాడు. దాని మీద రాసింది ఒక్కో మాటా పెదవులు కదుపుతూ చదివాడు.