అటక మీద మూడు సబ్బులు

పాల సబ్బు ఎందుకు చెడిపోతోందని అడగడానికి ఇప్పటికీ ఎవరో ఒకరు నా దగ్గరకు వస్తుంటారు. తెచ్చిన ముద్దను వేలితో నొక్కి చూస్తాను, వాసన చూస్తాను, తిట్టవలసినంతా తిట్టి తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను. బాగా కుదిరిన సబ్బు మాత్రం నా ముక్కు దగ్గరకు తేవద్దంటాను. ముసలిదానికి పొగరనుకుంటే అనుకోనీ. ఆ వాసనంటే నాకు భయం.

గోదావరికి ఆనకట్ట కట్టి, మా రాజోలు వైపు కాలవల్లోకి కొత్తగా నీళ్ళు వదిలిన రోజులవి. మా అత్త పాదిరిగారి బంగళాలో ఆయాగా ఉండేది. దొరసానికి నెలల పిల్ల. ఆ పిల్ల ఒళ్ళంతా చిట్లి పుండ్లు పడింది. ఓడలో వచ్చిన సీమ సబ్బు అయిపోయింది. బజారు సబ్బు మంట పుట్టించేది, సున్నిపిండి రాస్తే రక్తం చిమ్మేది. తన దేశంలో ముసలమ్మలు బూడిద నానబెట్టి వడగట్టిన తేటతో, నూనెతో, పాలతో సబ్బు చేసేవాళ్ళని దొరసాని సగం తెలుగులో, సగం చేతులతో అత్తకు చెప్పింది. అత్త ఆ పని నెత్తిన వేసుకుంది.

అదే నెలలో నాకు ఆడపిల్ల పుట్టింది. పదకొండు రోజులు బతికింది. పేరైనా పెట్టలేదు. ఉన్న ఒక్క పాతగుడ్డా దానికే చుట్టి పంపేశాం. ఇంట్లో దాని గుర్తంటూ ఏమీ మిగల్లేదు. పాలు మాత్రం ఆగలేదు.

బిడ్డ పోయిన తల్లి పాలు ఎవరూ తొక్కని చోట, పచ్చని మొక్క మొదట్లో పొయ్యాలని మావాళ్ళ పద్ధతి. నిప్పు తగిలితే తల్లి రొమ్ము కాలుతుందంటారు. మేం మతం పుచ్చుకుని రెండేళ్ళయినా అత్త దీన్ని వదల్లేదు. రోజూ నేను కొబ్బరి చిప్పలోకి పాలు పిండి, అరుగు మీద పెట్టేదాన్ని. అత్త తీసుకెళ్ళి కాలవ గట్టు మీది కొబ్బరి మొక్కకు పోసి వచ్చేది. నేను వెళ్ళలేకపోయేదాన్ని.

ఆ రోజుల్లోనే పెరట్లో సబ్బు ప్రయత్నాలు నడిచాయి. మొదటిసారి అత్త కాగిన బూడిద తేటలో మేకపాలు ఒక్కసారిగా పోసేసింది. పాలు బెల్లం రంగుకు తిరిగి, మాడు కంపు కొట్టాయి. చేతులు కూడా పొక్కాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆవేళ కళ్ళారా చూశాను. తేటను చల్లారనిచ్చి, పాలకుండను తడి ఇసుకలో పాతి, చివర్న కొంచెం కొంచెంగా పొయ్యాలని అప్పుడు తెలిసింది.

రెండోసారి ఎంత కలిపినా కొబ్బరినూనె పైకి తేలిపోయింది. తేట ఘాటు చూద్దామని కోడిగుడ్డు వేస్తే తేలకుండా బుడుంగున మునిగింది. కొబ్బరి మట్టల బూడిదలో సగం ఇసుకే. తర్వాత ఎండిన అరటి బొందలు మాత్రమే కాల్చి, ఆల్చిప్పల సున్నం కలిపి తేట తీసింది. గుడ్డు నెత్తి పైకి కనబడేలా తేలింది.

మూడోసారి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పుడే మా రెండో మేక ఈనింది. జున్నుపాలు అమ్మకూడదు, వీధిలో అందరికీ పంచాక కూడా మిగిలాయి. పారబోస్తే పాపమని అత్త వాటిని సబ్బులో పోసింది. క్షణంలో అంతా గడ్డలు గడ్డలుగా విరిగింది. "సబ్బు చేసేవా, జున్ను వండేవా?" అని పక్కింటావిడ గోడ మీంచి ఎగతాళి చేసింది.

నాలుగోసారి సబ్బు కుదిరింది. నేను కాలవ నుంచి నీళ్ళు తెచ్చేసరికి గిన్నెలో మీగడలాంటి తెల్లటి ముద్ద ఉంది. అత్త దాన్ని అరిటాకు పరిచిన మూడు చిప్పల్లోకి ఒంపుతోంది. అరుగు మీద నా చిప్ప కడిగి బోర్లించి ఉంది.

"పోసేసేవా అత్తా?" అన్నాను.

"పోసేసేను."

ఉట్టి మీద మేకపాల కుండ నిండుగా ఉంది. మూత తీసి చూశాను. చుక్క తగ్గలేదు.

ఆ క్షణంలోనే నా రొమ్ముల్లో మంట మొదలైంది. పొయ్యి లేకపోతేనేం, బూడిద తేట నిప్పు కాదా? ఆవిణ్ణి నిలదీయాలనుకున్నాను. కుండ మీద మూత మళ్ళీ పెట్టేసి బయటికొచ్చేశాను. నేను తిట్టకుండా వదిలేశానంటే ఊరు నమ్మదు.

మల్లెపూలు కట్టి నా పాలు ఎండగట్టారు. పాలు ఎండాయి, మంట పోలేదు. సబ్బులు ఆరడానికి నలభై రోజులు అటక మీద పెట్టాం. పచ్చి సబ్బు ఒళ్ళు తినేస్తుంది. ఒకే పక్క ఆరి పగలకుండా రోజూ తిప్పాలి. ఆ పని నాకు పడింది. చిన్న నిచ్చెనెక్కి ఒక్కొక్కదాన్నీ రెండు చేతులతో తీసి, పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టేదాన్ని. పైన బూడిదలాంటి తెల్లటి పొర పడితే కొంగుతో తుడిచేదాన్ని. మిట్టమధ్యాహ్నం అటక మీంచి ఏడుపు వినబడేది. పిల్లి అనేది అత్త. మా ఇంటి చుట్టుపక్కల పిల్లే లేదు.

నలభయ్యో రోజున అత్త సబ్బులు బుట్టలో సర్దుతుంటే బుట్ట పట్టుకున్నాను.

"ఒకటి నాకిచ్చెయ్యి అత్తా. నా పిల్లది నాకేం మిగల్లేదు."

అత్త బుట్ట కింద పెట్టింది.

"నీకు తెలుసునన్నమాట."

"నువ్వు తెలిసే పోసేవా?"

"తెలిసే పోసేనమ్మా. రోజూ నా మనవరాలి పాలు పట్టుకెళ్ళి మట్టిలో పోసేను. ఆవేళ మొక్క దాకా వెళ్ళేను. చెయ్యి రాలేదు. అక్కడ బంగళాలో ఓ పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, ఇక్కడేమో పాలు మట్టిపాలు. నువ్వు తిట్టినా పడతాను."

నేను తిట్టలేదు. ఒక సబ్బు తీసి బొడ్లో దోపుకున్నాను. అత్త వద్దనలేదు. మిగతా రెండూ తీసుకుని ఇద్దరం బంగళాకు వెళ్ళాం.

వరండాలో ఆ పిల్లను నీళ్ళ తొట్టి పక్కన పడుకోబెట్టారు. మెడ కింద, చంకల్లో చర్మమన్నదే లేదు. ఏడ్చే ఓపిక కూడా పోయి మూలుగుతోంది. నా పిల్ల పదకొండో రోజున అలాగే మూలిగింది. నా చెయ్యి దానంతటదే బొడ్లోకి వెళ్ళింది. మూడోది కూడా తీసి దొరసాని చేతిలో పెట్టాను.

అత్త నీళ్ళు పోస్తుంటే నేను సబ్బు రాశాను. నురగ మెత్తగా వచ్చింది. పిల్ల మొదట బిగుసుకుంది, తర్వాత మూలుగు ఆపింది. దొరసాని కళ్ళు తుడుచుకుంది.

"ఇది మేకపాలేనా?" అని అడిగింది.

"ఆయ్, మేకపాలేనండీ," అంది అత్త, నా మొహం చూడకుండా.

పిల్లను పొడిగుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. అది నా గుండెకు మొహం ఆనించి, ముక్కుతో వెతికింది. నెల దాటింది, ఎండిపోయాయనుకున్న పాలు ఒక్కసారిగా చేపుకొచ్చి పైటంతా తడిసింది.

"అయ్యో, స్నానం నీళ్ళకు తడిసిపోయేవు," అంది దొరసాని.

"అవునండీ," అన్నాను. పిల్లను మాత్రం వెంటనే ఇవ్వలేదు.