అభ్రకం గోతిలో నుంచి వినబడిన ప్రార్థన

సహోదరులారా, సాటి మనిషిని చంపాలని మనసులో నిర్ణయించుకున్నవాణ్ణి నేను; ఈరోజు మీ మధ్య కూర్చొని పాటలు పాడుతున్నానంటే అది నా మంచితనం కాదు!

మాది మర్రిగూడ పక్క పల్లె. వానలు లేక, నిజాం సరిహద్దు దాటి, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక అభ్రకం గనుల ఊరికి కూలికి పోయాను. అయ్యో, అదేం ఊరు! బండ్ల బాట ఇసుకలో ఆగిపోతుంది, ఆ తర్వాత కాలినడకే. ఉప్పుగాలికి తలుపుల చీలలు తుప్పుపట్టి ఊడిపోయేవి, అయినా ప్రతి గుడిసెకూ తాళమే! అభ్రకం రేకులు దాచామేమోనని కావలివాళ్లు రోజూ మా రుమాళ్లు విప్పించేవారు, నోళ్లు తెరిపించేవారు. అట్లా దొంగల్లా చూడబడి చూడబడి మేమూ ఒకరినొకరం అట్లాగే చూసుకోవడం నేర్చుకున్నాం.

నా జతగాడు హుజూర్‌నగర్ వైపు నుంచి వచ్చిన లాజరు. ఒకరు గోతిలోకి దిగితే ఒకరు పైన గిరక దగ్గర తాడు పట్టాలి. అతను సాయంత్రాలు మేస్త్రీతో చాటుగా మాట్లాడటం చూశాను. ఒకరోజు కావలివాళ్లు నన్నొక్కణ్ణే పక్కకు తీసుకుపోయి బట్టలు విప్పించి వెతికారు. ఏమీ దొరకలేదు. లాజరే నామీద చాడీ చెప్పాడు, రేపు తాడు కూడా వదిలేస్తాడు అనుకున్నాను! అతనిచ్చిన నీళ్లు పారబోశాను. వాడికంటే ముందు నువ్వే వదిలేయి అని సైతాను నాతో అన్నాడు.

మరునాడు అతను సగం లోతు దిగాడు. నేను పట్టు సడలించబోతుండగా కిందినుంచి అతని గొంతు వినబడింది.

"తండ్రీ, పైనున్న మా బాలన్న చేతులకు బలమియ్యి. ఆయన మనసుల ఏదో బాధ ఉన్నది, నాకు చెప్తలేడు. నువ్వే జర చూసుకో!"

దేవునికే మహిమ! తాడు నడుముకు చుట్టుకొని, ఏడుస్తూ అతన్ని పైకి లాగాను.

"గిట్ల లాగినవేందన్నా?"

"లాజరూ, నిన్ను చంపాలనుకున్న."

అతను భయపడ్డాడు, సహోదరులారా, ఆ భయం నేను కళ్లారా చూశాను. తాడు విప్పేసి, "కూసో అన్నా. ఇయ్యాల నేనైతే దిగ. ప్రార్థన చేసుకుందం" అన్నాడు.

మేస్త్రీతో ఏం మాట్లాడేవాడో ఇంతవరకు నేను అడగలేదు. అడగాలన్న కోరికనే దేవుడు నాలో నుంచి తీసేశాడు. మూడో రోజు లాజరు తనంతట తానే తాడు కట్టుకొని, నా కళ్లలోకి ఒకసారి చూసి, దిగాడు. ఆ నెలలోనే ఆ సముద్రంలో నేను బాప్తిస్మం పొందాను.

ఇక్కడ ఎవరి ఇంట్లోనైనా అన్నదమ్ముల మధ్య, ఆలుమగల మధ్య అనుమానం తిష్ట వేసుకొని ఉందా? ఈ ప్రభువును నమ్మి చూడండి, ఈ పూటే రండి. నాలాంటివాణ్ణే ఆయన తోసివేయలేదు!