కదలని సార్, కదిలొచ్చిన చెట్టు

మా సైన్సు సార్ పోయారని ఎల్లారెడ్డి నుంచి ఆయన తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. ఏడుపు కంటే ముందు నాకు కోపమొచ్చింది. ఇంకా తగ్గలేదు.

ఏ పరీక్ష పెట్టినా ఆఖరి ప్రశ్న ఒకటే. బడి ఆవరణలోని ఆఫ్రికా గంటపూల చెట్టుకూ, గోడ పక్క జిల్లేడు మీద వాలే ఆఫ్రికా సీతాకోకచిలుకకూ తేడాలు రాయండి! పుస్తకంలో లేదు, గైడులో లేదు. చెట్టుకు ఎర్రటి పూలు, నీళ్ళు చిమ్మే మొగ్గలు. సీతాకోకకు నారింజ రెక్కలు, నల్లటి అంచులు. ఇంతా రాసి, చివర్న 'చెట్టు కదలదు, సీతాకోక కదులుతుంది' అన్నామా, సున్నా.

"కదల్దా? మరి ఆఫ్రికా నుంచి ఎల్లారెడ్డికి ఎట్లొచ్చిందిరా?"

"ఎవరో తెచ్చిండ్రు సార్."

"గది రాయాలె!"

మళ్ళీ పరీక్షలో అదే రాస్తే సగం మార్కులే. సీతాకోకను ఎవరూ తేలేదు, అదే ఎగిరొచ్చిందని రాయలేదట. ఏం మనిషండీ! శనివారం ఆంజనేయస్వామి దండకు జిల్లేడాకులు తెంపబోతే ప్రతి ఆకూ తిప్పి చూపించమనేవారు. సీతాకోక గుడ్డున్న ఆకు ముట్టనిచ్చేవారు కాదు. మా దండ తయారయ్యేసరికి పూజారి గుడికి తాళమేసి వెళ్ళిపోయేవాడు. అయినా, ఈ రోజుకీ ఏ మొక్క కనిపించినా ఆగి చూస్తానంటే అది ఆయన చలవే.

నిరుడు ఆయన గుండె మొరాయించింది. భార్య లేదు, పిల్లలు లేరు. కామారెడ్డిలో మా ఇంటి వెనకే ఆసుపత్రి. వచ్చి మాతో ఉండమని బతిమాలాను.

"నేను చెట్టునురా. కదల్ను."

"చెట్టు గూడ కదిలిందని మీరే చెప్పిండ్రు గద సార్!"

"విత్తనమప్పుడు తెచ్చిండ్రు. మానైనంక తెస్తరా?"

ఆయనతో వాదించి గెలిచినవాడెవడు? కారు తీసుకుని వెళ్ళడం, తిట్టుకుంటూ లింగంపేట మీదుగా ఒక్కణ్ణే తిరిగి రావడం నాకు అలవాటైపోయింది. మొన్న నొప్పి వచ్చినప్పుడు అంబులెన్సు ఇల్లు చేరేలోపే ప్రాణం పోయింది. మా ఇంట్లో ఉంటే బతికేవారు. ఈ మాట ఎవరితో అనను?

శ్మశానానికి సగం దారిలో, దింపుడు కళ్ళం దగ్గర పాడె దించాం. లేస్తారేమోనన్న ఆఖరి ఆశతో, పోయినవాళ్ళను చెవిలో మూడుసార్లు పిలిచే చోటు అది.

"నువ్వు పిలువన్నా. నువ్వంటే పానం ఆయనకు" అన్నాడు తమ్ముడి కొడుకు.

వంగాను. సార్‌ను పేరు పెట్టి ఎన్నడూ పిలిచినవాణ్ణి కాదు.

"సార్, లేవుండ్రి. కారు తెచ్చిన. కామారెడ్డి పోదాం పాండ్రి."

మూడుసార్లూ అదే అన్నాను. మొండి మనిషి, ఎప్పటిలాగే నా మాట వినలేదు.