ఏడు రాళ్ళ దుద్దుల మొక్కు

మా పాప నెలలు నిండకుండా పుట్టి, సింగపూర్ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు నిలువుదోపిడీ మొక్కుకున్నాను. సూత్రాలు, మట్టెలు తప్ప ఒంటి మీద ఉన్న నగలన్నీ స్వామి హుండీలో వేసేయడమన్నమాట. పాప బతికింది. బతకడమేమిటి, ఏడాది తిరిగేసరికి క్లెమెంటిలో మా ఫ్లాట్ పీకి పందిరేసింది.

మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంప్యూటర్లవాళ్ళకి గిరాకీ ఎంత ఉండేదో సెలవులకి కరువూ అంతే ఉండేది. తిరుపతి కుదిరేలా లేదు. ఇక్కడి వెంకన్న గుళ్ళోనే మొక్కు తీర్చేద్దామనుకున్నాను.

చిక్కంతా దుద్దులతోనే. ఏడు రాళ్ళవి, అమ్మమ్మవి. ఆవిడ గుర్తుగా మిగిలినవి అవొక్కటే. నా పెళ్ళిలో అమ్మ తన చెవులవి తీసి నాకు పెట్టింది. ఫోన్ కార్డు గీకి సంగతి చెప్పగానే అమ్మ కయ్యిమంది.

"అవి మా అమ్మవే! గుడికెళ్ళే ముందు తీసి బీరువాలో పెట్టు. ఒంటి మీద లేనిదాన్ని దేవుడు మాత్రం ఎలా దోచుకుంటాడు?"

"మొక్కుకున్నప్పుడు చెవులకే ఉన్నాయి కదమ్మా."

"సరే, నీ ఇష్టం" అని పెట్టేసింది.

అమ్మ నోట 'నీ ఇష్టం' వచ్చిందంటే అలిగిందని లెక్క. "అత్తయ్యగారు మా టీమ్‌లో ఉండాల్సింది. రూల్స్‌లో కంతలు ఇంత బాగా మాకెవరికీ దొరకవు" అని మా ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దుద్దులివ్వడం కష్టం కాదు. అమ్మని బాధపెట్టడమే కష్టంగా ఉంది.

గుళ్ళో గాజులు, గొలుసు, ఉంగరం సులువుగానే హుండీలో పడ్డాయి. దుద్దుల శీలలు మాత్రం బిగుసుకుపోయాయి. తరాలుగా సింగపూర్‌లోనే స్థిరపడ్డ ఒక తెలుగు ఆంటీ నా అవస్థ చూసి, ప్రమిదలోని నూనె వేలితో అద్ది శీలలు తిప్పింది. రెండూ ఊడొచ్చాయి. కళ్ళు మూసుకుని హుండీలో వేసేశాను. ఒళ్ళంతా తేలికైంది, నిజం.

"ఇరమ్మా, కాస్త ఉండు, బోసి చెవులతో ఇంటికి పోగూడదు" అని ఆ ఆంటీయే కొత్త చీపురు నుంచి ఈనె విరిచి, ముక్కలు చేసి నా చెవులకి గుచ్చింది. రైల్లో ఎదురుగా కూర్చున్న చైనా అమ్మాయి వాటినే చూస్తోంది. కొత్త ఫ్యాషన్ అనుకుందేమో, నేనూ దర్జాగానే కూర్చున్నాను.

సాయంత్రం భయపడుతూనే ఫోన్ చేశాను.

"వేసేశావా?" అంది అమ్మ.

"వేసేశాను."

"చెవులకేం పెట్టుకున్నావే?"

"చీపురు పుల్లలు."

"పసుపు రాసి పెట్టుకో, లేకపోతే పుండవుతుంది. ఎవరైనా అటు వస్తుంటే చెప్పు, నా చెవులవి పంపిస్తాను."

నాకు ఏడుపొచ్చింది. "నువ్వేం పెట్టుకుంటావమ్మా?"

"ఇక్కడ చీపుళ్ళు లేవా ఏంటి? కానీ ఈసారి మాత్రం, ముందు దుద్దులు తీసి అప్పుడు మొక్కుకో."