మామ చేను, సర్కారు గొడ్లు

మొన్న మనవరాలు ముచ్చటపడితే పాల్వంచ అవతలి జలాశయానికి తీసుకుపోయాను. కట్ట మీద జనమంతా జింకల్ని చూసి మురిసిపోతుంటే నాకు మాత్రం ఒళ్లు మండింది. అంత అందమైన జంతువు మీద కోపమేమిటని ఎవరైనా అడగొచ్చు. మా మేనమామ మక్కజొన్న చేను చూసినవాళ్లు అడగరు.

ఆ చేను అభయారణ్యం అంచునే ఉండేది. కంకి పాలుపట్టే రోజుల్లో ఆ తియ్యటి వాసనకు మాకే నోరూరేది, ఇక అడవిపందుల సంగతి చెప్పాలా! తిన్నంత తిని, మిగిలింది పడగొట్టి పొర్లేవి. జింకలు కాస్త మర్యాదస్తులు, లేత మొవ్వులు కొరికి పోయేవి. మామ ఆ తేడా ఒప్పుకునేవాడు కాదు. అన్నీ సర్కారు గొడ్లే అనేవాడు.

ఒక వానాకాలం అడవి శాఖ వాళ్లు అభయారణ్యం చుట్టూ కందకం తవ్వుతామని జేసీబీ తెచ్చారు. కందకానికి గీసిన గీత మామ చేని మీదుగా పోయింది. మామ జేసీబీకి అడ్డంగా పడుకున్నాడు.

"లే, కేసు పెడతా" అన్నాడు రేంజి ఆఫీసరు.

"నీ పందుల మీద గూడ పెట్టు సారూ!"

పోలీసులొచ్చి మామను ఎత్తి జీపులో వేశారు. కందకం పడింది. పందులు దాన్ని కూడా దాటాయి. స్టేషన్ నుంచి వచ్చిన మామ కందకం పొడుగునా తీగ కట్టి, మోటారు కరెంటు కలిపాడు.

ఆ కందకం గట్టు మీదుగానే గూడెం ఆడవాళ్లు పుట్టగొడుగులకు వెళ్తారు. సంగతి తెలిసిన అత్త ఉరికిపోయి స్టార్టర్ బంద్ చేసి, తీగ మొత్తం పీకి చుట్టింది. మామ చెయ్యెత్తాడు.

"కొట్టు! పందికి పెట్టిన కరెంటు మనిషిని చూసి ఆగుతదా?" అంది అత్త.

మామ చెయ్యి దించాడు గానీ ఆ పంట కాలమంతా ఆమెతో మాట్లాడలేదు.

అత్త ఆ తీగ చుట్ట నెత్తిన పెట్టుకుని నేరుగా రేంజి ఆఫీసుకు నడిచి, ఆఫీసరు బల్ల మీద పడేసింది.

"నా మొగుణ్ని నేనాపిన. నీ పందుల్ని నువ్వాపు. పంట ఇంటికొచ్చేదాక నీ మనుషుల్ని మా చేనుకాడ కావలి పెట్టు."

"ఇది కట్టినందుకు నీ మొగుణ్ని లోపలెయ్యొచ్చు, తెలుసా?"

"ఎయ్యి. మరి కావలికి నువ్వే రా."

ఆఫీసరు మండిపడ్డాడు, అయినా వాచర్లను పంపాడు. దయతో కాదు, ఆమె పీడ వదిలించుకోవడానికి. వాళ్లు మంచెక్కి డబ్బాలు కొడుతూ మా అత్తను తిట్టేవాళ్లు. మామ వాళ్లకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అత్త గట్క, అంటే మక్కజొన్న సంకటి, పెట్టేది, అదీ గిన్నె ఠంగుమనేలా. ఎట్లాగో పంట ఇల్లు చేరింది. మరుసటి ఏడు మా వైపు చేలకు సోలార్ కంచె వచ్చింది. ఆఫీసరు దగ్గరుండి మొదట మామ చేనుకే వేయించాడు. "భయపడి ఏసిండు" అన్నాడు మామ.

బదిలీ అయిన రోజున ఆ ఆఫీసరు చేనుకు వచ్చాడు. మామ వీపు చూపించి నీళ్లు మళ్లించుకుంటూనే ఉన్నాడు. "పోయిరా సారూ" అంది అత్త, అంతే.

మామ పోయి కూడా కొన్నేళ్లవుతోంది. కాలం మామనూ ఆ ఆఫీసరునూ కలపలేదు, దానికా పట్టింపు కూడా లేదు. వాళ్ల పగతోనే చేయాల్సిన పని చేయించుకుని, తన దారిన తాను పోయింది.