హెడ్‌లైట్ గ్లాసు ఊడదీసిన రోజు

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. బరువని అంటున్నాను గానీ, అది ఒకచోట కుదురుగా ఉండదు. కూర తరుగుతుంటే వస్తుంది. కారు తాళం చేతిలోకి తీసుకుంటే వస్తుంది. సాయంత్రం ప్రార్థనకు మోకరిస్తే తప్పకుండా వస్తుంది. మా ఆయనకు చెప్పలేదు, మా అమ్మకూ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీకు మా అత్తయ్య తెలియదు కదా, అందుకు.

అత్తయ్య పాతికేళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మా వీధిలో మగవాళ్లే స్కూటర్లతో సరిపెట్టుకునే రోజుల్లో ఆమె కారు నేర్చుకున్నారు. ఆవిడ కొడుక్కి మాత్రం ఇప్పటికీ స్టీరింగు పట్టుకుంటే చెమటలు పడతాయి. ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ పాత తెల్ల కారులో ఒక్కరే బయలుదేరి, హనుమాన్ జంక్షన్ దాటాక కాలవగట్టు వెంట లోపలికి పోతే వచ్చే ఒక పల్లెకు వెళ్లేవారు. అక్కడి చిన్న చర్చిలో, పొలం పనులు ముగించుకుని వచ్చే పన్నెండు మంది ఆడవాళ్లకు పాటలు నేర్పేవారు. తిరిగి వచ్చేసరికి చీకటి పడేది. ఆ ఒక్కరోజు కోసమే మిగతా ఆరు రోజులూ గడుపుతున్నట్టుండేవారు.

నాకు పాట రాదు. గొంతెత్తితే మా ఆయనే నవ్వుతాడు. ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టి రెండేళ్లయినా, అత్తయ్య నన్ను చూసి 'భలే' అనుకునే పని ఒక్కటీ చేయలేదనే దిగులు ఉండేది. ఆ దిగులే నా చేత ఈ పని చేయించిందా? లేక అదీ ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటున్న సాకా?

కారు హెడ్‌లైట్ల గ్లాసులు పసుపెక్కిపోయి ఉండేవి. ఆమె ఏమీ అడగలేదు. నేనే ఫోనులో ఒక వీడియో చూసి, ఒక సెలవు రోజు పొద్దున్నే మొదలుపెట్టాను. బోల్టులు విప్పాను. రెండు లైట్లనూ బయటికి లాగి వరండాలో పాత దుప్పటి మీద పెట్టుకున్నాను. అంచు చుట్టూ ఉన్న నల్ల జిగురును హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఎత్తితే గ్లాసు ఊడి చేతిలోకి వచ్చింది. ఎంత గర్వపడ్డానో! టూత్‌పేస్టు పెట్టి రుద్దితే కొత్తదానిలా తేటపడింది. అక్కడితో ఆగాల్సింది.

లోపల బల్బు చుట్టూ వెండిలా మెరిసే గిన్నెలాంటిది ఉంటుంది. వెలుతురును రోడ్డు మీదికి తోసేది అదేనని నాకప్పుడు తెలియదు. దాని మీద దుమ్ము కనిపించింది. గోళ్లరంగు తుడిచే మందులో దూది ముంచి తుడిచాను. దూది బూడిదరంగుకు తిరిగింది. అబ్బ, ఎంత మురికో అనుకున్నాను. ఇంకా రుద్దాను. రెండోదాన్నీ అలాగే, ఇంకాస్త శ్రద్ధగా రుద్దాను. దూదికి అంటింది మురికి కాదు, పూత.

మళ్లీ బిగించాక బయటికి అద్దాల్లా మెరిశాయి. అత్తయ్య పక్కింటావిడను పిలిచి మరీ, "చూశారా అండీ, మా కోడలు చేసింది" అని చూపించారు. నేను ఎదురుచూసిన మాట అది. ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా లైట్లు వేసి చూశాను. అంతకుముందు ప్రహరీ మీద గుండ్రంగా పడే వెలుతురు ఇప్పుడు పాలిపోయిన రెండు మచ్చలై కనబడింది. బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. వెలుతురు మాత్రం ముందుకు పోవడం లేదు.

నాకు అప్పుడే తెలిసిపోయింది. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. తెలియక పాడుచేశాను, నిజమే. కానీ తెలిసి కూడా శనివారం ఆమెను ఆ కారులో పంపాను. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను కూడా. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు ఫోను చేతిలోకి తీసుకుని, ఎన్నిసార్లు కింద పెట్టానో. ఏం చెప్పాలి? పక్కింటావిడ ముందు మెచ్చుకున్న పనే ఇలా అయిందనా?

ఆమె వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. చెప్పులు కూడా విడవకుండా కుర్చీలో కూలబడ్డారు. మంచినీళ్లిస్తే ఒక్క గుక్కలో తాగేశారు.

"అమ్మాయ్, కాలవగట్టు మీద సైకిలాయన అడ్డంగా వచ్చాడు. బండి ఆనేదాకా కనబడలేదమ్మా నాకు. పడిపోయాడు పాపం. దెబ్బలేం తగల్లేదులే. లేచి, చూసుకోవాలి కదమ్మా అని ఒక్క మాటనేసి వెళ్లిపోయాడు."

నేను ఖాళీ గ్లాసు అందుకున్నాను.

"నా కళ్ళు పోయినట్టున్నాయే."

"వయసొచ్చింది కదా అత్తయ్యా," అన్నాను.

అంతే. అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట.

మా ఇంట్లో రోజూ సాయంత్రం ప్రార్థన ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కో రోజు పైకి చేస్తాం. మర్నాడు వంతు నాది. "నా కళ్ళ కోసం చెయ్యమ్మా" అన్నారు అత్తయ్య. చేశాను. బాగున్న కళ్ళను బాగుచేయమని, నా కళ్ళు మూసుకుని దేవుణ్ణి అడిగాను. ఆమె గట్టిగా ఆమెన్ అన్నారు. ఇన్నేళ్లలో నేను దేనికైనా భయపడ్డానంటే ఆ ఆమెన్‌కే.

కంటి డాక్టరు పెద్దగా ఏమీ లేదన్నారు. అద్దాల నంబరు కొంచెం మార్చారు. ఆమె మాత్రం, ఇంట్లో తను కాక డ్రైవింగు వచ్చింది నాకేనని, కారు తాళం నా చేతిలో పెట్టేశారు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? వారం తిరక్కుండా ఆటోనగర్ తీసుకెళ్లి లైట్లు మార్పించాను. నాకు రోడ్డు కనబడాలిగా మరి! అక్కడి మెకానిక్, "ఇదెవరు తుడిచారండీ? దీనికి గుడ్డ కూడా తగలకూడదండీ" అన్నాడు. మాకు అమ్మినవాళ్లే చేసుంటారని చెప్పాను. బెంజ్ సర్కిల్ దగ్గరి ఆఫీసుకు ఆటోల్లో పడి వెళ్లేదాన్ని, కారులో వెళ్లడం మొదలుపెట్టాను. భయం వల్ల నోరు మూసుకున్నానని చాలాకాలం అనుకున్నాను. మరి లైట్లు మారాక తాళం తిరిగి ఎందుకివ్వలేదు? నాకు ఆ తాళం నచ్చింది. అదీ సంగతి.

అత్తయ్య కొన్ని వారాలు బస్సులో వెళ్లారు. బస్సు దిగాక గట్టు మీద నడక ఎక్కువ. తర్వాత మానేశారు. అక్కడి ఆడవాళ్లు ఫోను చేసి ఎప్పుడొస్తారమ్మా అని అడిగేవారు. కొన్నాళ్లకు వాళ్లూ అడగడం మానేశారు.

ఒకసారి ఆ పల్లెలోనే బాప్తిస్మానికి పిలిస్తే ఇద్దరం వెళ్లాం. తిరిగొస్తుంటే అదే గట్టు, అదే చీకటి. పక్క సీట్లోంచి, "ఏమ్మా, ఇప్పుడు నాకూ బాగా కనబడుతోందే!" అన్నారు. ఆ గొంతులో ఆశ వినబడింది. వినబడి కూడా, "కొత్త కళ్ళజోడు కదా అత్తయ్యా" అన్నాను. ఆమె కళ్ళజోడు తీసి, రోడ్డు వంక చూసి, మళ్లీ పెట్టుకున్నారు. ఆమెకు తెలిసిందా? తెలిస్తే ఎందుకడగలేదు? ఎన్నిసార్లు ఆలోచించినా తేలదు.

ఇప్పుడు ఆమెకు మోకాళ్లు అరిగిపోయాయి. నిజం చెప్పినా ఇక బ్రేకు తొక్కలేరు. నేను చెప్పడానికి అంతదాకా ఆగానేమో అని కూడా అనిపిస్తుంది.

చర్చిలో అందరితో కలిసి 'మేము పాపులము' అంటాను. మేము అనడంలో ఎంత సుఖముందో! ఇక్కడ నేను అని రాస్తున్నాను. ఆ లైట్లు నేను పాడుచేశాను. తెలిసి నేను పంపాను. రాసేసరికి ఎన్నాళ్లకో ఊపిరి నిండుగా అందుతోంది. పక్కగదిలోంచి పిలుస్తున్నారు, ప్రార్థనకు వేళైందని. ఇవాళ వంతు నాదే. కళ్ళ కోసం అడగమంటారు, ఎప్పుడూ అడగమంటారు.

ఆమె కళ్ళు బాగానే ఉన్నాయి.